ఎవరి కాలు, ఎవరి సంతకం

మా ఆసుపత్రిలో కాలు ఒకరిది, సంతకం ఇంకొకరిది. పెళ్లాం కడుపు కోయాలంటే మొగుడు పెడతాడు. తండ్రి కాలు తీయాలంటే కొడుకు పెడతాడు. మొగుడు దుబాయిలో ఉంటే వాడి తమ్ముడు వచ్చి పెడతాడు. మంచం మీద పడుకున్న మనిషిని మాత్రం ఎవడూ అడగడు. కోరుట్లలో డ్యూటీ డాక్టరుగా చేరిన ఈ రెండేళ్లలో దీని మీద నేను ఎన్నిసార్లు గొడవపడ్డానో నాకే గుర్తు లేదు.

"రజితా, కాయితం మీద సంతకం ఉన్నదా లేదా, గంతే సూడు. ఎవరిదని అడగకు," అనేవారు మా సర్జన్ ప్రభుదాస్ సార్.

ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఒకసారి ఎవరో చనిపోతే బంధువులు వచ్చి రిసెప్షన్ అద్దాలు పగలగొట్టి, ఆయన చొక్కా పట్టుకున్నారు. అప్పటి నుంచి సంతకంతో పాటు వీడియో కూడా పెట్టారు. ఆపరేషన్ గురించి చెప్పేదంతా ఆసుపత్రి ఫోనులో రికార్డు చేయాలి. ఆ పని నాది. ఫోన్ నిలబెట్టడానికి ఒక స్టాండు కూడా కొనిచ్చారు.

ఆ ఆదివారం పొద్దున కేస్ షీట్ మీద పేరు చూడగానే నా చేయి ఆగిపోయింది. శ్యాంసుందర్ రావు, ఎనభై నాలుగేళ్లు. చిరునామా చందుర్తి మండలంలో మా తాత పుట్టిన ఊరు. మా ఇంట్లో అన్నం తినేటప్పుడు ఆ పేరు ఎత్తరు. ఎత్తితే మా తాత కిష్టయ్య కంచం పక్కకు జరిపి లేచిపోతాడు. ఆ ఊరి దొర అతను. మా వాళ్లు ఆ ఊరు వదిలి మేడిపల్లి వచ్చి నలభై ఏళ్లు దాటినా, అతనింకా మా ఇంట్లో దొరగానే ఉన్నాడు.

సిరిసిల్ల నుంచి కొడుకు సాకేత్ రావు కారులో తీసుకొచ్చాడు. షుగర్ మూడు వందల ఎనభై. ఎడమ పాదం వేళ్లు నల్లబడ్డాయి, మడమ దాకా చీము పట్టింది, వాసన కారిడార్ దాకా వస్తోంది. జ్వరం నూట ఒకటి. ప్రభుదాస్ సార్ కట్టు విప్పి ఒక్క చూపు చూసి బయటికి వచ్చారు.

"మోకాలి కింద తియ్యాలె. ఇయ్యాలనే. రేపటిదాక ఆగితే విషం రక్తంల కలుస్తది," అన్నారు.

సాకేత్ రావు నన్ను పక్కకు పిలిచాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"మేడం, నాన్నకు కాలు తీస్తరని చెప్పకుండ్రి. క్లీన్ చేస్తరని చెప్పినం. కాలు అనంగనే ప్రాణం ఇడుస్తడు. కాయితం ఇటియ్యుండ్రి, నేను సంతకం పెడ్త."

"ఆయనకు తెలివి ఉన్నది గదా?"

"తెలివి ఉన్నదనే గదా చెప్పొద్దంటున్న."

"లేచి చూసుకుంటే కాలు లేకపోతే?"

"గప్పటి సంగతి గప్పుడు. తిడ్తడు, మొత్తుకుంటడు, ఆనక అలవాటైతది."

నాకు ఒళ్లు మండింది. కాలు తనదైనట్టు ఎంత తేలిగ్గా చెప్పాడు! తెలివి ఉన్న రోగి సంతకమే కావాలని, వీడియో కూడా కావాలని గట్టిగా చెప్పాను. అతను నా మెడలో ఉన్న స్టెతస్కోపును, నా చెప్పులను ఒకసారి చూసి ప్రభుదాస్ సార్ గదిలోకి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. పది నిమిషాలకు సార్ బయటికి వచ్చారు.

"నువ్వే పోయి చెప్పు. మెల్లగ చెప్పు. ఇంటున్నవా? మెల్లగ."

నేను తల ఊపాను. ఇప్పుడు నిజం చెప్తాను. రోగి హక్కు కోసమే నేను అంత పట్టుబట్టాననుకుంటే పొరపాటు. ఆ మాట విన్నప్పుడు ఆ ముసలాయన ముఖం ఎలా మారుతుందో చూడాలని ఉండింది నాకు.

గదిలో ఆయన భార్య సుమిత్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమెను బయటికి పంపి, ఫోన్ స్టాండు మీద పెట్టి రికార్డింగ్ నొక్కాను. కాలు మీద దుప్పటి కప్పి ఉంది. పొడుగు మనిషి, మంచం కొస దాటి ఉన్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి కానీ చూపు మాత్రం అదిలించినట్టే ఉంది.

ముందుగా తెలివి ఉందో లేదో చూడాలి. అందుకని, "ఇయ్యాల ఏ వారం?" అని అడిగాను.

"నీకు తెల్వదా?"

"మీరు చెప్పాలె."

"ఐతారం. ఇది కోరుట్ల. నాకు ఎనభై నాలుగేండ్లు. సాలునా? నువ్వెవరి పిల్లవు?"

"శ్రీశైలం బిడ్డను. కిష్టయ్య మనుమరాలిని. మీ ఊరే."

"ఏ కిష్టయ్య?"

"తాటిచెట్లెక్కే కిష్టయ్య."

ఆయన నన్ను కాళ్ల నుంచి పైదాకా చూశాడు. "కిష్టిగాడా! వాని మనుమరాలు డాక్టరా ఇప్పుడు?"

అంతే. మెల్లగా చెప్పాలన్న మాట ఎటు పోయిందో పోయింది.

"మీ ఎడమ కాలు కుళ్లిపోయింది. మోకాలి కింద జానెడు ఇడిచిపెట్టి కోసేస్తం. ఎముకను రంపంతోటి కోస్తం," అన్నాను.

"కడుగుతరని సాకేత్ చెప్పిండు."

"మీ కొడుకు అబద్ధం చెప్పిండు. కోసినంక మీరు మంచం దిగాలంటే ఇద్దరు లేపాలె. దొడ్డికి పోవాలన్నా ఒకరు పట్టుకోవాలె. ఇగ నడుస్తరని నేను రాసియ్య. మీ వయసుకు టేబుల్ మీదనే పానం పోవచ్చు. కోయకపోతే నాలుగైదు రోజులల్ల విషమెక్కి ఎట్లైనా పోతరు."

ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. కానీ ఒక్కొక్క మాట అంటూ ఆగి, అతని ముఖం చూసి, తర్వాతి మాట అన్నాను. అతని పెదవులు ఎండిపోతుంటే పక్కనే ఉన్న నీళ్ల సీసా అందుకోవాలని కూడా నాకు తోచలేదు.

"ఇంకోటి," అన్నాను. "మేం మిమ్ముల అడుగుతున్నం. మా తాతను మీరు అడగలే."

"ఏంది?"

"ఎమర్జెన్సీల. సిరిసిల్ల క్యాంపు."

ఆ సంగతి మా నాన్న చెప్తే విన్నాను నేను. మా తాత ఎప్పుడూ చెప్పలేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇన్ని చేయించాలని పైనుంచి లెక్క వచ్చిన రోజులవి. శ్యాంసుందర్ రావు ఊరికి మాలీ పటేల్, శిస్తు లెక్కలన్నీ ఆయన చేతిలోనే. ఒక పొద్దున తాటివనం దగ్గరికి జీపు వచ్చింది. అప్పుడే చెట్టు దిగిన వాళ్లను దిగినట్టే, నడుముకు మోకులు ఉండగానే ఎక్కించుకుని పోయారు. తొమ్మిది మంది. ఎక్కడికి పోతున్నామని అడిగితే దొర పని అన్నారు. క్యాంపులో వాళ్ల బొటనవేళ్లు పట్టుకుని కాగితాల మీద ఒత్తించింది ఈయనే. మా తాతకు అప్పుడు ముప్పై రెండేళ్లు. కోతపెట్టిన చోట చీము పట్టి నెల రోజులు చెట్టెక్కలేదు. తాటిచెట్టును రోజూ గీయకపోతే కల్లు ఆగిపోతుంది. ఆ ఏడు అతని పదకొండు చెట్లు ఆగిపోయాయి.

ఇదంతా అతనికి నేను చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. అతనికి గుర్తుంది. కన్ను కూడా ఆర్పకుండా, "సర్కారు లెక్క అడిగింది, ఇచ్చిన. వాండ్లను అడిగేదేంది?" అన్నాడు.

నేను పళ్లు కొరుక్కున్నాను.

"కలం ఇయ్యి. కాయితం ఇయ్యి," అన్నాడు.

రికార్డింగ్ ఆపి ఫారం ఇచ్చాను. అది ఇంగ్లీషులో నాలుగు పేజీలు. అతను దాన్ని చూడనైనా చూడకుండా వెనక్కి తిప్పి, కుడి నుంచి ఎడమకు రెండు వరుసలు ఉర్దూలో రాశాడు. కింద సంతకం పెట్టాడు. వాళ్ల కాలంలో చదువు ఉర్దూలోనే. ఒక్క గీత తప్పలేదు.

"ఇగ పో," అన్నాడు.

తలుపు దగ్గరే సాకేత్ రావు కాగితం లాక్కున్నాడు. "నాన్న సంతకమే! ఒప్పుకున్నడు!" అని గట్టిగా అరిచాడు. ప్రభుదాస్ సార్ కాగితం వైపు ఒక చూపు చూసి, "ఉన్నది గదా, ఇగ థియేటర్ రెడీ చెయ్యుండ్రి," అన్నారు. నేనూ ఒక్క మాట మాట్లాడలేదు. రెండేళ్ల నుంచి దేని మీద పోట్లాడుతున్నానో ఆ తప్పే చేశాను. సంతకం చూశాను. దాని పైన ఏముందో చదవలేదు.

మా థియేటర్ టెక్నీషియన్ ఖాజా భాయ్‌ది జగిత్యాల. ముసలాయన్ను స్ట్రెచర్ మీద తెచ్చి థియేటర్ తలుపు ముందు ఆపారు. చేతికి సెలైన్, తలకు ఆకుపచ్చ టోపీ. ఖాజా భాయ్ కాగితాలన్నీ సరిచూసుకుంటూ ఆ ఫారం తిప్పాడు. తిప్పి అలాగే నిలబడిపోయాడు.

"మేడం, ఇది ఎవరన్న సదివిండ్రా?"

"ఏం రాసి ఉన్నది భాయ్?"

అతను గొంతు తగ్గించి తెలుగులో చెప్పాడు. "నా కాలు తీయనీకి నేను ఒప్పుకోను. నా కొడుకు సంతకం పెడితే అది చెల్లది. గిదే రాసి ఉన్నది మేడం."

ఇంకో పావుగంట ఆగితే వెన్నులో సూది పడేది, నడుము కింద ఏం జరుగుతోందో తెలిసేది కాదు. స్ట్రెచర్ దగ్గరికి పోయాను. ముసలాయన కప్పు వైపు చూస్తున్నాడు.

"ఒద్దని రాసి, నోరు మూసుకొని ఈడిదాక ఎట్ల వచ్చిండ్రు?" అన్నాను.

"సదువుతరా లేదా సూద్దామని."

"చదవకపోతే?"

"మీ కాయితం ఇంగ్లీషుల ఉన్నది. నాది ఉర్దూల ఉన్నది. సదివించుకునుడు మీ పని."

ఇంత కొవ్వెక్కిన మనిషిని నేను పుట్టాక చూడలేదు. చచ్చే ముందు కూడా మాకు పరీక్ష పెడుతున్నాడు. అందులో నేను తప్పాను, ఖాజా భాయ్ వల్ల బయటపడ్డాను.

సాకేత్ రావు ఇక మేడం అనే స్థితిలో లేడు. కారిడార్‌లో వేలు చూపించి, "ఏం చెప్పినవ్ మా నాన్నకు? ఏం చెప్పి బెదిరిచ్చినవ్?" అని మీదికి వచ్చాడు. సుమిత్రమ్మ ఏడుపు అందుకుంది. ప్రభుదాస్ సార్ అతన్నీ నన్నూ తన గదిలోకి తోసి తలుపు వేశారు.

"వీడియో పెట్టు," అన్నారు నాతో.

పెట్టాను. ముగ్గురం చూశాం. మొదట నా గొంతు నాదేనా అనిపించింది. రంపంతోటి కోస్తం అన్న తర్వాత నేను ఆగిన ఆ రెండు క్షణాలు తెరమీద చాలా పొడుగ్గా ఉన్నాయి. ముసలాయన నాలుకతో పెదాలు తడుపుకోవడం, నీళ్ల సీసా వైపు చూడడం, మళ్లీ నన్ను చూడడం అన్నీ కనిపించాయి. మా తాతను మీరు అడగలే అన్న దగ్గర సాకేత్ రావు ఫోన్ బల్లమీద కొట్టాడు.

"ఇది డాక్టర్ మాటనా? కచ్చ తీర్సుకున్నది సార్ ఈమె! మా నాన్న సస్తే ఈమెనే జిమ్మేదార్!"

"నేనొక్క అబద్ధం చెప్పలేదు సార్," అన్నాను.

ప్రభుదాస్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అబద్ధం చెప్పలె. భయపెట్టినవ్. అడగమంటే పంచాయితి పెట్టినవ్. ఆయన ఒద్దన్నది ఆపరేషన్‌నో, నిన్నో నాకు అర్థమైతలేదు రజితా."

నాకు సిగ్గేసింది. ఎవరి ముందైనా ఒప్పుకుంటాను, ఆ గదిలో ఆ కుర్చీలో నాకు సిగ్గేసింది. అడగడమే పెద్ద గొప్ప అనుకున్నాను. అడిగిన తీరు చూస్తే ఒక మనిషిని మూలకు నెట్టి కొట్టినట్టుంది.

సాకేత్ రావు కుర్చీ ముందుకు జరిపాడు. "అయ్యిందేదో అయ్యింది. జ్వరంల ఉన్నడు, మతి లేదని రాయుండ్రి. నేను సంతకం పెడ్త. పది నిమిషాల పని."

ప్రభుదాస్ సార్ కలం తీశారు. ఆయన ఆ మాట రాస్తే ఇక అడ్డు లేదు.

"సార్, మతి ఉన్నదని ఆ వీడియోల ఉన్నది," అన్నాను. "వారం చెప్పిండు, ఊరు చెప్పిండు, వయసు చెప్పిండు. నన్ను తిట్టుకోండ్రి, తీసెయ్యుండ్రి. కని ఆ మాట మాత్రం రాయకుండ్రి."

సార్ కలం జేబులో పెట్టుకున్నారు. "ఇప్పుడు రెండైంది. నాలుగు దాక ఆగుత. ఒప్పుకుంటే చేస్త. ఒప్పుకోకపోతే నొప్పికి మందులు రాసి ఇంటికి పంపిస్త. కని ఈసారి నువ్వు పోకు. నేను పోత."

ఆయన పోయారు. ఐదు నిమిషాలకే ఎర్రబడ్డ ముఖంతో వెనక్కి వచ్చారు.

"నాతోని మాట్లాడడట. ఆ పిల్లనే పంపుమంటున్నడు."

"ఒద్దు సార్!" అన్నాడు సాకేత్ రావు.

"నన్నేం చెయ్యమంటవ్? పేషెంట్ ఆయన."

ఆ మాట ప్రభుదాస్ సార్ నోటి నుంచి రావడం నేను మొదటిసారి విన్నాను.

గదిలోకి పోయి స్టాండు మీద ఫోన్ పెట్టాను. ముందు నీళ్ల సీసా మూత తీసి, గొంతు తడిచేంత అతని నోట్లో పోశాను. వద్దనలేదు. రెండు గుక్కలు తాగాడు.

"పొద్దుగాల నేను డాక్టర్ లెక్క చెప్పలేదు," అన్నాను. "ఇప్పుడు మళ్ల చెప్త. మీకేదన్న అర్థం కాకపోతే నన్ను ఆపుండ్రి."

"నాకు అన్ని అర్థమైనయ్." దగ్గు వచ్చి ఆగాడు. "నా కొడుకు నేను బతకాలని అబద్ధం చెప్పిండు. నువ్వు నేను సావాలని నిజం చెప్పినవ్. ఇద్దరిల ఎవరి మాట ఇనాలె నేను?"

కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. కోస్తే ఏమవుతుందో చెప్పాను. ఎనభై దాటిన వాళ్లలో కొందరు కోలుకోరని, కొందరు కోలుకుని చక్రాల కుర్చీలో తిరుగుతారని, మోకాలు ఉంటే కృత్రిమ కాలు పెట్టుకోవడానికి కూడా వీలుంటుందని చెప్పాను. కోయకపోతే జ్వరం పెరుగుతుందని, కిడ్నీలు ఆగుతాయని, మగత వస్తుందని, ఇంట్లోనే నొప్పి తెలియకుండా మందులు ఇవ్వొచ్చని చెప్పాను. ఇందులో సగం పొద్దున కూడా నాకు తెలుసు. అప్పుడు చెప్పలేదు.

అతను అంతా విన్నాడు. తర్వాత, "కట్టు ఇప్పు," అన్నాడు.

"ఎందుకు?"

"నా కాలు నేను సూడలె ఇంతవరకు. నెల నుంచి దుప్పటి కప్పుతుండ్రు. సూద్దామంటే ఏం లేదు, ఏం లేదు అంటరు."

మంచం తలవైపు ఎత్తి, కట్టు విప్పాను. వాసన గుప్పుమంది. అతను ముక్కు మూసుకోలేదు. నల్లబడ్డ వేళ్లను, తెల్లగా చీము కారుతున్న మడమను, పైకి పాకుతున్న ఎర్రటి వాపును చూశాడు. ఒక నిమిషం పైనే చూశాడు. అతని గడ్డం వణికింది. పొద్దున నేను చూడాలనుకున్న ముఖం అదే. ఇప్పుడు చూడలేక ఫోన్ వైపు తిరిగాను.

"కప్పు," అన్నాడు.

కప్పాను.

"ఒకటడుగుత, నిజం చెప్పు. నీకు నేను సచ్చుడు గావాలె గదా?"

ఫోనులో ఎర్ర చుక్క వెలుగుతోంది. అబద్ధం చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

"పొద్దుగాల గావాలె అనిపించింది," అన్నాను. "ఇప్పుడు ఏం అనిపిస్తలేదు. మీరేదంటే అది రాస్త."

అతను ముక్కుతో నవ్వినట్టు చేశాడు. "నేను సస్తే కిష్టిగాని ఇంట్ల పండుగ చేసుకుంటరు. గా సంతోషం మీకియ్య. తియ్యమను కాలు."

"పంతం కోసమైతే ఒద్దు. బాగ ఆలోచించి చెప్పుండ్రి."

"ఎందుకోసమైతే నీకెందుకు? కాలు నాది. కాయితం తే."

ఈసారి తెలుగు ఫారం తెచ్చాను. చివరన రోగి తన చేత్తో రాయాల్సిన వాక్యం ఒకటి ఉంటుంది. తెలుగు రాయడం రాదన్నాడు కాబట్టి నేను చదివి వినిపించాను. నాకు వివరంగా చెప్పినారు, నాకు అర్థమైనది, నా ఇష్టపూర్వకంగా సంతకం చేయుచున్నాను.

"ఇష్టపూర్వకంగనా? గది కొట్టెయ్యి. ఎవనికి ఇష్టం కాలు తీయించుకునుడు? ఒప్పుకుంటున్న, ఇష్టం లేదు అని రాయి."

అలాగే రాశాను. ఖాజా భాయ్‌ని పిలిచాం. అతని ముందు ముసలాయన అదే మాట ఉర్దూలో రాసి సంతకం పెట్టాడు. ఖాజా భాయ్ పైకి చదివి, కింద సాక్షిగా సంతకం చేశాడు. బయట సాకేత్ రావు కాగితం చేతికి ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు. ప్రభుదాస్ సార్‌కే ఇచ్చాను. ఆయన మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివారు.

మూడున్నరకు మొదలుపెట్టి ఐదుకు ముగించారు. రక్తం జగిత్యాల నుంచి తెప్పించారు. ముసలాయన తట్టుకున్నాడు. మెలకువ వచ్చాక సుమిత్రమ్మతో మాట్లాడాడు, కొడుకు వస్తే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. సాకేత్ రావు నా మీద ఫిర్యాదు రాసి ప్రభుదాస్ సార్ బల్లమీద పెట్టి పోయాడు. ఆ వీడియో ఉన్నంతకాలం దానికి నేను జవాబు చెప్పుకోవాల్సిందే. చెప్పుకుంటాను.

స్కూటీ మీద మేడిపల్లి చేరేసరికి చీకటి పడుతోంది. కబురు నాకన్నా ముందే వచ్చింది. చందుర్తి చుట్టాలెవరో ఫోన్ చేశారట. మా తాత గడప మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ల మనిషి. చెట్లెక్కీ ఎక్కీ ఛాతీ మీద చర్మం ఇప్పటికీ బండబారి ఉంటుంది.

"దొర కాలు తీసిండ్రట గదా," అన్నాడు.

"ఎవరు చెప్పిండ్రు? ఆసుపత్రి ముచ్చట్లు నేను చెప్పొద్దు తాతా."

"చెప్పకు. నువ్వే అడిగినవట గదా బిడ్డా, తియ్యాల్నా ఒద్దా అని?"

"ఆఁ. అడిగిన."

"ఒక్కపారేనా?"

"రెండుపార్లు."

"రెండుపార్లు అడిగిండ్రు," అన్నాడు తనలో తాను.

"నిన్ను ఒక్కపారన్న అడిగిండా తాతా వాడు? నీ బతుకు ఆగం చేసిండు. అడిగితే ఒద్దంటవని తెలిసే గదా అడగలే!"

మా తాత నా వైపు వింతగా చూశాడు.

"నేనెందుకు ఒద్దంటుంటి బిడ్డా? ముగ్గురు పోరగాండ్లు సాలని మీ అవ్వ, నేను అప్పటికే అనుకున్నం. అడిగితే నా కాళ్ల మీద నేనే నడుచుకుంట పోతుంటి."

నలభై ఎనిమిదేళ్లలో ఆ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. మా నాన్న అడగలేదు. నేనూ అడగలేదు.